హిప్పీ విలువలూ మితవాద రాజకీయాలూ

హిప్పీ విలువలకూ మితవాద రాజకీయాలకూ పొత్తు కుదురుతుందా? పైకి చూస్తే ఇది అడగవలసిన ప్రశ్నలాగే కనబడదు. జుట్టు పెంచుకుని, పెళ్లినీ ఉద్యోగాన్నీ సైన్యాన్నీ కాదని ఇల్లు విడిచి పోయిన కుర్రవాడెక్కడ, ఆస్తినీ మతాన్నీ కుటుంబాన్నీ జెండానూ కాపాడతానని ఓట్లడిగే నాయకుడెక్కడ? వీళ్లిద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారమనుకోవడం సహజం. మన అభ్యుదయ విమర్శకుల్లో కొందరు దీనికి సరిగ్గా ఎదురు కొసన నిలబడ్డారు. హిప్పీ అంటే క్షీణ బూర్జువా సంస్కృతి, మత్తుమందు, విచ్చలవిడితనం; అది పుట్టుకతోనే అభివృద్ధి నిరోధకం; ఇక పొత్తు కుదరడమేమిటి, రెండూ ఒకటే అని తేల్చేశారు. ఈ రెండు జవాబుల్లోనూ ఉన్న లోపం ఒక్కటే. రెండూ హిప్పీని వేషాన్ని బట్టి కొలిచాయి. ఒకరికి ఆ వేషం తిరుగుబాటుగా కనిపించింది, మరొకరికి రోగంగా కనిపించింది. వేషం వెనక ఉన్న జీవితం ఎవరి శ్రమ మీద నడిచిందని ఇద్దరూ అడగలేదు.

నా వాదం ముందుగానే చెబుతాను. హిప్పీ విలువలనేవి ఒక ముద్ద కాదు, మూడు పేటల తాడు. మొదటి పేట స్వేచ్ఛ: ఎవరికి నచ్చినట్టు వాళ్లు బతకాలి, అడ్డు చెప్పే అధికారం ఎవరికీ లేదు. రెండవ పేట మూలాలకు తిరిగి పోవడం: యంత్రాన్నీ నగరాన్నీ వదిలి మట్టికీ, చేతిపనికీ, పాత జ్ఞానానికీ మళ్లడం. మూడవ పేట పంచుకోవడం: ఉన్నది అందరిదీ అనుకోవడం, ఇతరులను చంపడానికి నిరాకరించడం. మితవాదం కూడా ఒక ముద్ద కాదు. ఆ మాటను నేనిక్కడ అమెరికా, యూరపులలో ఆస్తినీ సంప్రదాయాన్నీ కాపాడే రాజకీయం అన్న అర్థంలో వాడుతున్నాను. అందులో రెండు కొమ్మలున్నాయి. సర్కారు జోక్యం లేని బజారు కావాలనేది ఒకటి, తాతల కట్టుబాట్లు నిలవాలనేది మరొకటి. హిప్పీల మొదటి పేట బజారు కొమ్మకు చుట్టుకుంటుంది, రెండవ పేట సంప్రదాయం కొమ్మకు చుట్టుకుంటుంది. మూడవది మాత్రం ఏ కొమ్మకూ అందదు. కనక 'పొత్తు కుదురుతుందా' అని కాక 'ఏ విలువ, ఎవరి ఖర్చు మీద' అని అడగాలంటాను.

సాహిత్య విద్యార్థికి దీంతో పనేమిటన్న అనుమానం రావచ్చు. ఈ ప్రశ్నకు సాక్ష్యం ప్రధానంగా పుస్తకాల్లోనే ఉంది. హిప్పీలు చదివినవాళ్లు. ఆ తరం సంచుల్లో మోసుకు తిరిగిన నవలలు కొన్నింటిని మనం తీరిగ్గా పరీక్షిస్తే, మితవాదం బయటినుంచి వచ్చి వాళ్లను మింగలేదనీ, కొంత మొదటినుంచీ సంచిలోనే ఉందనీ తెలుస్తుంది.

మొదటగా జాక్ కెరువాక్. 1922లో మసాచుసెట్స్ రాష్ట్రం లోవెల్ పట్టణంలో, ఫ్రెంచి కెనడా మూలాలున్న కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. 1957లో అచ్చయిన అతని 'ఆన్ ది రోడ్' నవల హిప్పీ తరానికి దారి చూపిన పుస్తకం. 1968 సెప్టెంబరులో అతన్ని విలియం బక్లీ తన టెలివిజన్ చర్చా కార్యక్రమం 'ఫైరింగ్ లైన్'కు పిలిచాడు. బక్లీ సామాన్యుడు కాదు. 1955లో 'నేషనల్ రివ్యూ' పత్రిక స్థాపించి, చెదిరి ఉన్న అమెరికా మితవాదానికి ఒక సిద్ధాంత రూపం కట్టినవాడు. చర్చ హిప్పీల మీద. పక్కన కవీ గాయకుడూ అయిన ఎడ్ శాండర్స్ ఉన్నాడు. అంతకు కొద్ది రోజుల ముందే షికాగోలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ బయట యుద్ధ వ్యతిరేకులను పోలీసులు తలలు పగిలేటట్టు కొట్టారు. ఆ నేపథ్యంలో, తాగి కూర్చున్న కెరువాక్ తనను ఆ యువకులకు తండ్రిగా ఒప్పుకోలేదు. తాను కాథలిక్కునని చెప్పుకున్నాడు. క్రమమూ, మార్దవమూ, భక్తీ తన విలువలన్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో, 47వ ఏట చనిపోయాడు.

ఈ సంఘటనను చాలామంది విమర్శకులు ఒక తాగుబోతు పతనంగా చెప్పి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. నవలను మళ్లీ చదవండి. కథ చెప్పే సాల్ ఖండమంతా తిరుగుతాడు. కాలిఫోర్నియాలో టెరీ అనే మెక్సికన్ యువతితో, ఆమె చిన్న కొడుకుతో ఒక గుడారంలో కాపురం పెట్టి కూలికి పత్తి తీస్తాడు. పత్తి తీయడం అతనికి చేతకాదు, ఆ తల్లీకొడుకులు సాయం పట్టాలి. చలికాలం దగ్గర పడుతుంది. సాల్ ఇంటికి ఒక కార్డు రాసి మరో 50 డాలర్లు పంపమంటాడు. టెరీని అక్కడే వదిలి తిరుగుముఖం పడతాడు. అతనికి వెళ్లడానికి ఇల్లుంది, ఇంట్లో పిన్ని ఉంది. టెరీకి మిగిలింది పత్తి చేను. నిజజీవితంలో ఆ పిన్ని స్థానంలో ఉన్నది కెరువాక్ తల్లి. ఆమె చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి కొడుకు రాతకోతలకు ఆధారమైంది. రోడ్డు నవల వెనక ఒక కార్మిక స్త్రీ జీతం ఉందన్నమాట. నవలలో ఆ జీతం తాలూకు శ్రమ కనపడదు, అది అందించిన వెసులుబాటు మాత్రమే కనపడుతుంది.

అదే నవలలో మరోచోట సాల్ డెన్వర్ నగరంలో నల్లవాళ్ల పేటలో నడుస్తూ తానూ వాళ్లలాగా నల్లవాడినై పుడితే ఎంత సుఖంగా ఉండేదో అని వాపోతాడు. జేమ్స్ బాల్డ్విన్ 1961లో రాసిన ఒక వ్యాసంలో ఆ పేజీని ఎత్తి చూపి దులిపేశాడు. బాల్డ్విన్ కోపం న్యాయమైనది. పేదవాడి బతుకును అందమైన దృశ్యంగా చూసి ఆనందించేవాడు ఆ బతుకు మారాలని కోరడు. మారితే దృశ్యం పోతుంది. కెరువాక్ కరుణ బూటకమని నేననను. అది భక్తుడి కరుణ. దుఃఖాన్ని పూజిస్తుందే తప్ప దాని కారణం వెతకదు. అలాంటి కరుణకు మితవాదంతో తగువు లేదు. 1968లో కెరువాక్ బక్లీ పక్కన కూర్చోవడం పతనమూ కాదు, ద్రోహమూ కాదు. నవల వెళ్లిన చోటికే నవలాకారుడూ వెళ్లాడు.

అయితే అదే గుంపులోంచి అలెన్ గిన్స్‌బర్గ్ కూడా వచ్చాడు. అదే రోడ్డు, అదే బౌద్ధం, అవే మత్తుపదార్థాలు, ఆ పైన స్వలింగ ప్రేమ. అతని 'హౌల్' మీద 1957లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో అశ్లీల విచారణ జరిగితే జడ్జి అది అశ్లీలం కాదని తీర్పు చెప్పాడు. వేషాన్ని బట్టి చూస్తే అతనూ కెరువాకూ ఒక్కటే. కాని గిన్స్‌బర్గ్ వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వీధిలో నిలబడ్డాడు. షికాగోలో పోలీసులు కొడుతున్నప్పుడు ఆ జనంలో ఉన్నాడు. కెరువాక్ చర్చలో పాల్గొన్న ఆ రోజు ప్రేక్షకుల మధ్య కూర్చున్నదీ అతనే. ఇద్దరికీ తేడా ఎక్కడ వచ్చింది? స్వేచ్ఛ తన ఒక్కడి ఆస్తి కాదనీ, ఇంకొకడి స్వేచ్ఛ పోతుంటే తనది కూడా మిగలదనీ గిన్స్‌బర్గ్ గ్రహించిన చోట వచ్చింది.

మనకు ఇబ్బందైనా ఇక్కడ మరో మాట చెప్పాలి. 1965లో క్యూబా ప్రభుత్వం గిన్స్‌బర్గ్‌ను దేశం నుంచి పంపించేసింది. అదే ఏడాది మే నెలలో ప్రాగ్ విద్యార్థులు అతన్ని మే రాజుగా ఎన్నుకుని ఊరేగిస్తే, కొద్ది రోజుల్లోనే చెకోస్లొవేకియా ప్రభుత్వమూ అదే పని చేసింది. రెండూ సోషలిస్టు ప్రభుత్వాలు. శరీరం గురించీ స్వలింగ ప్రేమ గురించీ అతను అడిగిన ప్రశ్నలకు వాటి దగ్గర జవాబు లేకపోయింది. స్వేచ్ఛ అనే మాట బజారు వాళ్ల సొత్తు ఎలా అయిందో అర్థం చేసుకోవాలంటే దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనవైపు వాళ్లు విడిచిన చోటనే ఎదుటివాళ్లు పాకలు వేసుకున్నారు.

రెండవ పుస్తకం రాబర్ట్ హైన్‌లైన్ 1961లో ప్రచురించిన 'స్ట్రేంజర్ ఇన్ ఎ స్ట్రేంజ్ లాండ్'. ఇది వైజ్ఞానిక కల్పన. అంగారక గ్రహం మీద పెరిగిన మనిషి భూమికి వచ్చి స్వేచ్ఛా ప్రణయం, కలిసి బతకడం బోధిస్తాడు. హిప్పీలు దీన్ని దాదాపు పారాయణ గ్రంథం చేసుకున్నారు. రచయిత రాజకీయం ఏమిటి? 1958లో అణు పరీక్షలు ఆపవద్దని సంతకాలు సేకరించినవాడు, 1964 అధ్యక్ష ఎన్నికలో మితవాద అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌ను బలపరచినవాడు. మరి ఆయన పుస్తకం యువకులకు ఎలా నచ్చింది? పొరపాటున కాదు. నవలలోని అంగారకుడు అపార సంపదకు వారసుడు. అతనికి ఆశ్రయమిచ్చిన పెద్దమనిషికి పెద్ద ఇల్లూ, ఈత కొలనూ, ముగ్గురు ఆడ సెక్రటరీలూ ఉన్నారు. స్వేచ్ఛకు కావలసిన ఖర్చు ముందే వారసత్వంగా వచ్చి పడింది. ఆ సంపద ఎలా పోగైందని ఎవరూ అడగరు. డబ్బు ఉన్నవాడికి సర్కారు అడ్డు రాకపోతే చాలు, స్వేచ్ఛ దొరుకుతుంది. ఇది బజారు మితవాదం అచ్చంగా చెప్పే మాటే. దానికి పూలదండ వేశారు.

ఈ పేట జీవితంలో ఎక్కడికి చేరిందో చూడడానికి ఇద్దరు మనుషులు చాలు. జెర్రీ రూబిన్ 1967లో తన మిత్రులతో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలోకి వెళ్లి పైనుంచి డాలరు నోట్లు వెదజల్లాడు. కింద ఉన్న దళారులు నోట్ల కోసం ఎగబడ్డారు. 1980లో అదే రూబిన్ వాల్ స్ట్రీటులో ఉద్యోగానికి చేరాడు. ఆ ఏడాదే రొనాల్డ్ రీగన్ అధ్యక్షుడిగా గెలిచాడు. రెండవ మనిషి జాన్ పెరీ బార్లో. హిప్పీల ఆరాధ్య వాద్యబృందం 'గ్రేట్‌ఫుల్ డెడ్'కు పాటలు రాసినవాడు. వయోమింగ్ రాష్ట్రంలో పశువుల క్షేత్రం నడిపాడు, అక్కడ తన కౌంటీలో రిపబ్లికన్ పార్టీకి అధ్యక్షుడిగా ఉన్నాడు, 1978లో డిక్ చేనీ పార్లమెంటు ఎన్నికల ప్రచారానికి పనిచేశాడు. తర్వాత ఆ పార్టీకి దూరమయ్యాడు. 1996లో అంతర్జాల ప్రపంచంలో ప్రభుత్వాలకు పనిలేదని ఒక ప్రకటన రాశాడు. దాన్ని వెలువరించిన చోటు కోటీశ్వరులూ మంత్రులూ ఏటా కలిసే దావోస్. ప్రభుత్వాన్ని పొమ్మన్నాడు సరే, ఆ ఖాళీలో ఎవరు వచ్చి కూర్చుంటారని ఆలోచించలేదు. ఈ రోజు ఎవరు కూర్చున్నారో మన చేతిలోని ఫోను చెబుతుంది.

రూబిన్ మారిపోయాడనీ, బార్లో మారలేదనీ అనడం తేలిక. నాకు కనిపించేది వేరు. 'నాకు నచ్చినట్టు నేను' అన్న సూత్రం ఇద్దరిలోనూ చివరిదాకా మారలేదు. 1967లో అది నోట్లు వెదజల్లింది, 1980లో వాటాలు అమ్మింది. ఈలోగా 1971లో ఒక శీతల పానీయం కంపెనీ కొండ మీద పలుదేశాల యువతీయువకులను నిలబెట్టి పాట పాడించి తన సీసా అమ్ముకుంది. సూత్రానికి ఏ సరుకైనా పట్టింది.

రెండవ పేట మూలాలకు తిరిగిపోవడం. దీనికి ఆధార గ్రంథం టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. 1965లో అమెరికాలో చవక ప్రతులు రాగానే విద్యార్థులు ఎగబడి కొన్నారు. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు, సాంప్రదాయిక కాథలిక్కు, యంత్రాలంటే గిట్టనివాడు. అడవులను నరికి కొలిమి పెట్టే శత్రువు, పచ్చని పల్లెలో పొగాకు కాల్చుకుంటూ హాయిగా ఉండే హాబిట్లు: హిప్పీకి ఇంతకంటే ఏం కావాలి? కాని ఆ పచ్చని పల్లెలో యజమాని యజమానే, తోటమాలి తోటమాలే. లోకాన్ని రక్షించే ప్రయాణంలో గిన్నెలు మోసేదీ, కుందేలు కూర వండేదీ తోటమాలి శామ్. తినేది దొర. శామ్ ప్రేమతోనే వండుతాడు. ఆ ప్రేమ నిజమైనదే కనక పాఠకుడికి అంతస్తు కనబడదు. సంప్రదాయవాదపు అసలు బలం అక్కడే ఉంది. అది కొరడాతో కాక ఆప్యాయతతో అంతస్తులను నిలబెడుతుంది.

ఇటలీలో ఇది ఇంకా దూరం పోయింది. ముస్సోలినీ అనుచరులు యుద్ధం తర్వాత 1946లో పెట్టుకున్న పార్టీ ఇటాలియన్ సోషల్ మూవ్‌మెంట్. 1977లో ఆ పార్టీ యువకులు దక్షిణాదిన మాంటెసార్కియో అనే ఊళ్లో ఒక ఉత్సవం జరిపారు. పేరు హాబిట్ శిబిరం. గుడారాలు, గిటార్లు, పాటలు, ప్రకృతి మాటలు. దూరం నుంచి చూస్తే హిప్పీల జాతరే. లోపల సందేశం మాత్రం ఫాసిస్టు వారసత్వం. ఇందుకు టోల్కీన్‌ను బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. 1938లో ఒక జర్మన్ ప్రచురణకర్త ఆర్యజాతివాడివేనా అని అడిగితే మండిపడ్డ మనిషి ఆయన. నేను చెప్పేది ఇంతే: మట్టి, మూలాలు, పల్లె అన్న మాటలు వాటంతట అవి ప్రగతినీ చెప్పవు, తిరోగమనాన్నీ చెప్పవు. ఆ మట్టి ఎవరిది, దున్నేది ఎవరు అన్న ప్రశ్న పక్కన లేకపోతే ఎవరైనా వచ్చి ఆ మాటల్లో జెండా పాతుకోవచ్చు.

ఫాసిస్టులు కాని సంప్రదాయవాదులు కూడా ఈ పేటను పట్టుకున్నారు. అమెరికాలో రాడ్ డ్రెహర్ అనే పాత్రికేయుడు 2002లో బక్లీ స్థాపించిన 'నేషనల్ రివ్యూ'లోనే ఒక వ్యాసం రాసి, 2006లో దాన్ని 'క్రంచీ కాన్స్' అన్న పుస్తకంగా పెంచాడు. రసాయనాలు లేని కూరగాయలు తినే, తోలుచెప్పులు తొడిగే, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే, చర్చికి క్రమం తప్పకుండా పోయే మితవాదులు ఉన్నారనీ, తానూ వాళ్లలో ఒకణ్ణనీ అతని వాదం. బజారును దేవుణ్ణి చేసిన సొంత పార్టీ మీద అతనికి కోపం ఉంది. ఆ కోపాన్ని మనం గౌరవించవచ్చు. కాని ఇంట్లో చదువు చెప్పేదెవరు, రసాయనాలు లేని కూర వండేదెవరు అని అడిగితే తల్లి పేరే వస్తుంది. కూలికి పోతే తప్ప గడవని తల్లికి ఆ విలువలు పాటించే స్తోమత ఎక్కడిది?

ఈ ప్రశ్న వేస్తే హిప్పీ బృందాలు కూడా తప్పించుకోలేవు. మూడవ పేటకు మంచి ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కో డిగ్గర్లు. 1649లో ఇంగ్లండులో జెరార్డ్ విన్‌స్టాన్లీ నాయకత్వాన బంజరు భూమిని ఉమ్మడిగా దున్నిన పేదల పేరు వీళ్లు పెట్టుకున్నారు. 1966లో ఒక వీధి నాటక దళం నుంచి బయటికి వచ్చి, హైట్ ఆష్‌బరీ పేట పక్కన పార్కులో రోజూ ఉచితంగా అన్నం పెట్టారు. డబ్బు తీసుకోని దుకాణం నడిపారు. 1967 వేసవిలో పత్రికలు హిప్పీని సరుకుగా మార్చి అమ్ముతుంటే, ఆ అక్టోబరులో హిప్పీ చచ్చిపోయాడని ఉత్తుత్తి శవయాత్ర నడిపిన వాళ్లలో ఉన్నారు. అమ్మకూడదు, కొనకూడదు, పంచాలి: ఈ విలువను ఏ మితవాదం జీర్ణించుకోగలదు? ఏదీ జీర్ణించుకోలేదు, నేటికీ. కాని అక్కడ కూడా కూరలు సేకరించి వండిన చేతులు చాలామటుకు ఆడవాళ్లవి. చరిత్రకు ఎక్కిన పేర్లు ఎక్కువగా మగవాళ్లవి. పల్లెల్లో ఉమ్మడి కాపురాలు పెట్టినవాళ్లలోనూ తరచు ఇదే జరిగింది. మగవాడు తాత్వికుడు, ఆడది వంటమనిషి. మితవాదం వాకిట్లోంచి రానక్కర లేకపోయింది, వంటింట్లో అప్పటికే కాపురముంది. 1960ల చివర స్త్రీ విముక్తి ఉద్యమం ఆ తరం ఉద్యమాల లోపలినుంచే తిరగబడి లేవడానికి ఇదొక ప్రధాన కారణం.

ఒక అభ్యంతరం రావచ్చు. మితవాదానికి హిప్పీలతో అంత చుట్టరికం ఉంటే, అధికారంలో ఉన్న మితవాదులు వాళ్లను ఎందుకు కొట్టారు? 1969 మే నెలలో బర్క్‌లీలో యువకులు ఖాళీ స్థలంలో వేసుకున్న పార్కును ఖాళీ చేయించడానికి గవర్నరు రీగన్ కాలంలో తుపాకులు పేలాయి, ఒక యువకుడు చనిపోయాడు, సైనిక దళాలు దిగాయి. నిజమే. కాని ఏ పేటను కొట్టారో చూడండి. అది విశ్వవిద్యాలయం ఆస్తి అయిన నేల, ప్రజలదని పలుగు పట్టి తోట వేశారు. అంటే మూడవ పేట. పొడుగు జుట్టు మీద ఒక్క తూటా ఖర్చు చేయనక్కరలేదు, దానికి దువ్వెన అమ్మవచ్చు. ఆస్తి జోలికి వచ్చినప్పుడే తూటా వచ్చింది.

మితవాదుల విమర్శలో నిజమే లేదని కూడా నేననను. జోన్ డిడియన్ 1964లో గోల్డ్‌వాటర్‌కు ఓటు వేసిన రచయిత్రి. 1967లో హైట్ ఆష్‌బరీలో తిరిగి వ్యాసం రాసింది. అందులో మత్తుమందు మింగించిన ఐదేళ్ల పాప కనిపిస్తుంది. ఆ పాపను చూడగల కన్ను మితవాదిదైనా మనకు గురువే. 'ఎవరికి నచ్చినట్టు వాళ్లు' అన్న సూత్రంలో ఐదేళ్ల పిల్లకు చోటు లేదు. పిల్లకు నచ్చేదేమిటో ఎవరు అడిగారు? డిడియన్ ఇంతవరకు సరిగ్గా చూసింది. ఆట నియమాలను పెద్దలు ఈ పిల్లలకు చెప్పకుండా వదిలేశారని నిర్ధారించింది. అక్కడ నేను విడిపోతాను. నియమాలు చెప్పవలసిన ఆ పెద్దలే 1968 చివరికి 5 లక్షల 30 వేలకు పైగా సైనికులను వియత్నాంలో నిలిపారు. అలాంటి పెద్దల మాట వినని పిల్లల్లో లోపమెంత, మాటలో లోపమెంత అని కూడా తూచవలసి ఉంది.

ఈ చర్చకు తెలుగులో ఒక నిజమైన చుట్టరికం ఉంది. గిన్స్‌బర్గ్ 1962-63లో మన దేశంలో ఉన్నాడు, కలకత్తా 'క్షుధిత తరం' కవులతో తిరిగాడు. 1965లో దిగంబర కవులు మొదటి సంపుటి తెచ్చినప్పుడు ఇది బీట్ కవులకు నకలని కొందరు కొట్టిపారేశారు. పోలిక పూర్తిగా అబద్ధం కాదు. మాటలో ఆగ్రహం, మర్యాద మీద కసి రెండు చోట్లా ఉన్నాయి. ఆ కవిత్వం స్త్రీని చూసిన చూపును తర్వాతి స్త్రీవాద విమర్శ నిలదీయడం కూడా న్యాయమే. కాని వాళ్లు తమ సంపుటాలను సన్మానితుల చేత కాక రిక్షా తొక్కేవాడి చేతా, హోటల్లో పనిచేసేవాడి చేతా, బిచ్చమెత్తుకునే స్త్రీ చేతా ఆవిష్కరింపజేశారు. అది కేవలం సంచలనం కోసమని అనేవాళ్లున్నారు. అయితే 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ఆరుగురిలో నలుగురు అందులో చేరారు, ఇద్దరు దూరంగా ఉండిపోయారు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు నిర్బంధ చట్టం కింద జైలుకు వెళ్లారు. కెరువాక్, గిన్స్‌బర్గ్ విడిపోయినట్టే వీళ్లూ విడిపోయారు. ఆగ్రహం అందరికీ ఒక్కటే అయినా, దాన్ని ఎవరితో కలిసి మోయాలన్న దగ్గర దారులు చీలాయి. అందుకే ఆగ్రహాన్ని చూసి కవి రాజకీయాన్ని తేల్చకూడదు.

తరగతిలో పెద్ద పిల్లలకు కథ చెప్పేటప్పుడు నేనొక ప్రశ్న అడుగుతుంటాను: ఇల్లు విడిచి పోయిన కథానాయకుడు ఆ రాత్రి ఎక్కడ అన్నం తిన్నాడు, ఆ అన్నం ఎవరు వండారు? పిల్లలు నవ్వుతారు, తర్వాత పుస్తకం తిప్పి చూస్తారు. సిద్ధాంత గ్రంథాలు చదివినవాళ్లు ఇది మరీ మొరటు ప్రశ్న అనవచ్చు. కాని సాల్‌కూ శామ్‌కూ అంగారకుడికీ ఇదే ప్రశ్న వేసి చూశాం. మూడు చోట్లా జవాబు పుస్తకంలోనే ఉంది, రచయిత దాన్ని మూలన పెట్టాడు. శిల్పాన్ని మెచ్చుకుంటూనే ఆ మూలను వెతికి చూపడం విమర్శకుడి పని.

ఈ పరీక్ష మనవాళ్లకూ వర్తిస్తుంది. ఇప్పుడు రాస్తున్న యువకుల్లో కొందరు వేషాన్నీ, అలవాట్లనూ, నోటి దురుసునూ తిరుగుబాటు అనుకుంటున్నారు. మరికొందరు సేంద్రియ వ్యవసాయం, పల్లె, మూలాలు అంటూ రాస్తున్నారు, కౌలు రైతు పేరు ఒక్కసారి రాయకుండా. వీళ్లను మితవాదులని తిట్టి తరిమేయడం తెలివి తక్కువ పని. శరీరం మీద హక్కు, ప్రకృతి మీద ప్రేమ, యంత్రంలా బతకడం మీద అసహ్యం, ఇవన్నీ న్యాయమైన ఆకలులు. వాటిని క్షీణ సంస్కృతి అని తోసిపుచ్చిన చోట, బజారు ఒకవైపునుంచీ, గుడీ చర్చీ మరోవైపునుంచీ వచ్చి వడ్డించాయి. స్వేచ్ఛ అనే మాటనూ మట్టి అనే మాటనూ ఎదుటివాళ్లకు రాసిచ్చేసి, మన దగ్గర క్రమశిక్షణ అనే మాట ఒక్కటే ఉంచుకుంటే ఎవరు వస్తారు?

హిప్పీ విలువలు మితవాదంతో కుదురుతాయి, రెండు పేటల మేరకు హాయిగా కుదురుతాయి. పంచుకోవడమనే మూడవ పేటతో కలిపి పేనినప్పుడు మాత్రమే ఆ రెండూ అటు పోకుండా నిలుస్తాయి. ఆ పేనడం అమెరికాలో సగంలో ఆగింది. పార్కులో అన్నం పెట్టినవాళ్లు వండే వంతు కూడా పంచుకుని ఉంటే ఎంత దూరం పోయేదో చెప్పలేం. మన రచయితలు ఆ సగం దగ్గరనుంచి మొదలుపెట్టాలి.